గడియారం లేని గ్యారేజీ

కారు టైమింగ్ బెల్ట్‌ను ఇంట్లోనే మార్చుకున్నానని చెబితే విన్నవాళ్లు మొట్టమొదట అడిగేది ఎంత మిగిలిందని. 800 డాలర్లకు పైగా మిగిలిందంటే కొందరు మెచ్చుకోలుగా తల ఊపుతారు, మరికొందరు ఆ కాస్త డబ్బు కోసం ఇంజన్‌నే పణంగా పెట్టావా అన్నట్టు చూస్తారు. నా మట్టుకు నాకు ఆ రెండోవాళ్ల చూపులోనే న్యాయం కనిపిస్తుంది. డబ్బు మిగలడం ఒక్కటే కారణమైతే ఈ పనికి ఇంట్లో చేయి పెట్టకపోవడమే మంచిది, ఎందుకంటే లెక్క తప్పిన రోజున పోయేది మిగిలినదానికి నాలుగైదింతలు ఉంటుంది. అయినా నేను చేశాను, మళ్లీ చేయబోతున్నాను, చేతనైనవాళ్లు చేసుకోవాలనే వాదిస్తాను. నా వాదనకు ఆధారం తీరిక. ఈ పనిలో బోల్టులు విప్పడం, బిగించడం నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది. బాగోగులన్నీ మాత్రం చివర్లో ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవడం మీద, సరిపోలకపోతే కట్టినదంతా విప్పి మళ్లీ మొదలుపెట్టడం మీద ఆధారపడి ఉంటాయి. అందుకు కావలసిన తీరిక డబ్బు తీసుకుని చేసే షాపులో కంటే సొంత గ్యారేజీలోనే ఎక్కువగా దొరుకుతుంది.

బెల్ట్ సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పాలి. ఇంజన్ కింది భాగంలో పిస్టన్లకు జోడించిన క్రాంక్‌షాఫ్ట్ ఉంటుంది, పైభాగంలో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ ఉంటుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగేసరికి క్యామ్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఆ రెండింటినీ ముడిపెట్టే పళ్ల రబ్బరు పట్టీయే టైమింగ్ బెల్ట్. హైవే మీద ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుంటే ఒక్కొక్క వాల్వు సెకనుకు 16 సార్లకు పైగా తెరుచుకుని మూసుకుంటుంది. చాలా ఇంజన్లలో, తెరుచుకున్న వాల్వు దిగే చోటికే పిస్టన్ కూడా వస్తుంది. వచ్చే క్షణాలు వేరు కావడం వల్లనే ఆ రెండూ ఒకదానికొకటి తగలవు. బెల్ట్ తెగిన మరుక్షణం క్యామ్ ఉన్నచోటనే ఆగిపోతుంది, బండి ఊపుకు క్రాంక్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది, తెరుచుకుని ఉన్న వాల్వులను పిస్టన్లు వచ్చి గుద్దుతాయి. ఈ పళ్ల బెల్ట్‌ను 1962లో జర్మనీలోని గ్లాస్ కంపెనీ తన 1004 అనే చిన్న కారుతో తొలిసారి మార్కెట్టులోకి తెచ్చింది. చైన్ కంటే చవక, చప్పుడు తక్కువ, నూనెతో పని లేదు. లోపమల్లా ఒక్కటే: చైన్ వదులైతే గలగలమని చెబుతుంది, బెల్ట్ తెగే నిమిషం దాకా నోరు విప్పదు.

ఆ మౌనం ఖరీదెంతో నేను పదహారేళ్ల వయసులో చూశాను. మిర్యాలగూడలో మా చిన్నాయన డీజిల్ టాక్సీ నడిపేవాడు. ఒకనాడు పెళ్లివారిని విజయవాడలో దింపి ఖాళీగా తిరిగి వస్తుండగా, కోదాడ దాటి హుజూర్‌నగర్ ఇంకా రాకముందే బండి ఒక్క కుదుపుతో ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే ఇంజన్ మామూలు కంటే తేలిగ్గా, అడ్డూ ఆపూ లేకుండా గిర్రున తిరిగిందట. ఆ తేలికకే తన గుండె జారిపోయిందని ఆయన ఇప్పటికీ అంటాడు. ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. షెడ్డులో మేస్త్రీ హెడ్డు దించి, వాల్వులను ఒక్కొక్కటిగా ఊడదీసి పాత పేపరు మీద వరుసగా పరిచాడు. ఎనిమిదింటిలో ఆరు వంగాయి, ఒక పిస్టన్ నెత్తిన నెలవంకలాగా గంటు పడింది. మూడు వారాలు బండి షెడ్డులోనే ఉంది, ఫైనాన్సు కిస్తీ మాత్రం ఆగలేదు. ఆ మూడు వారాలూ చిన్నాయన పొద్దున్నే వెళ్లి, షెడ్డులో స్టూలు వేసుకుని కూర్చుని, మేస్త్రీ చేసే ప్రతి పనీ చూసి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. మేస్త్రీ మీద ఆయనకు అనుమానమేమీ లేదు. అక్కడి పద్ధతే అది. బండి ఇచ్చినవాడు పక్కనే ఉంటాడు, టీలు తెప్పిస్తాడు, విప్పిన సామాను చేతిలోకి తీసుకుని చూస్తాడు, కొత్త సామాను డబ్బా తనే చించి అందిస్తాడు.

తరువాత నేను హైదరాబాదులో మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. ఇంధనం లోపలే మండే ఐసీ ఇంజన్ల పేపరులో వాల్వ్ టైమింగ్ డయాగ్రం తప్పకుండా వచ్చే ప్రశ్న. ఇన్‌లెట్ వాల్వు పిస్టన్ పైకొసకు చేరకముందే తెరుచుకుంటుందని, కిందికొస దాటాక గాని మూసుకోదని, కంపాస్ పెట్టి చుట్టలు చుట్టలుగా బొమ్మ గీసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. నాలుగేళ్లలో ఒక్క వాల్వును కూడా చేత్తో పట్టుకోలేదు. ల్యాబులో నిలువునా కోసి రంగులు వేసిన ఇంజన్ నమూనా ఒకటి ఉండేది, దాని హ్యాండిల్ తిప్పబోతే అటెండరు గదమాయించేవాడు. పట్టా చేతికి రాగానే అందరితో పాటు సాఫ్ట్‌వేరు వైపు మళ్లాను. ఇలాంటి మెకానికల్ ఇంజనీర్లు నా చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టలేను. వాళ్లలో చాలామందికి బానెట్ ఎత్తి చూడడమే నామోషీ. గ్రీజు అంటిన చేతిని చదువు అబ్బని చేయిగా చూడడం మన ఇళ్లలో బాగా పాతుకుపోయిన జబ్బు, దాని గురించి వేరే వ్యాసమే రాయవచ్చు.

డాలస్ శివారులో స్థిరపడ్డాక నా మొదటి కారుకు బెల్ట్ మార్చే వేళ వచ్చినప్పుడు నేనూ నలుగురిలాగే ఒక షాపుకు అప్పగించాను. బెల్ట్, ఇంజన్‌ను చల్లబరిచే కూలంట్‌ను తిప్పే వాటర్ పంపు, బెల్ట్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ మూడూ మార్చినట్టు బిల్లు ఇచ్చారు. వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే కాబట్టి, దాన్ని చేరుకోవడానికి ఎలాగూ అంతా విప్పాలి కాబట్టి, మూడింటినీ ఒకేసారి మార్చడం తెలివైన పని. రెండేళ్లు తిరగకముందే బండి కింద కూలంట్ మరకలు కనిపించాయి. వేరొక మెకానిక్ కవరు విప్పాక, బండి సొంతదారును లోపలికి రానివ్వని నిబంధనను పక్కన పెట్టి నన్ను పిలిచి చూపించాడు. బెల్ట్ కొత్తదే, పంపు మాత్రం కారుతో పాటు పుట్టినది. మరచిపోయారో, సామాను వేళకు అందక ఉన్నదానితో సరిపెట్టారో, తెలిసే దాటవేశారో నాకు తెలియదు. వెళ్లి అడిగితే ఆ పని చేసిన మనిషి మానేసి వెళ్లిపోయాడన్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది పోయిన డబ్బు కంటే కూడా, ఆ రెండేళ్లూ పిల్లలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఎంత నిశ్చింతగా తిరిగానో గుర్తుకు రావడం.

ఆ తరువాతే ఇక్కడి షాపుల్లో కూలి లెక్క ఎలా ఉంటుందో తెలుసుకున్నాను. అమెరికాలో చాలాచోట్ల మెకానిక్‌కు ముట్టేది నిజంగా పనిచేసిన గంటలకు ఇచ్చే కూలి కాదు. ఫలానా పనికి ఇన్ని గంటలు అని పుస్తకంలో ముందే రాసిపెట్టిన లెక్క ప్రకారం ఇస్తారు. దీన్ని ఫ్లాట్ రేట్ అంటారు. నాలుగున్నర గంటలని రాసి ఉన్న పనిని మూడు గంటల్లో ముగిస్తే ఆ లాభం అతనిది, ఏడు గంటలు పడితే ఆ నష్టమూ అతనిదే. ఆరితేరినవాళ్లు ఈ పద్ధతిలో బాగానే సంపాదిస్తారు, వాళ్లలో ఎక్కువమంది నిక్కచ్చిగా పనిచేసేవాళ్లేనని కూడా నేను నమ్ముతాను. కాని బెల్ట్ కట్టి చివర్లో క్రాంక్, క్యామ్‌ల మీది గుర్తులు కలిశాయో లేదో చూసేటప్పుడు ఒక పన్ను అటో ఇటో ఉన్నట్టు తోచిందనుకోండి, అంతా విప్పి మళ్లీ కట్టడానికి పట్టే రెండు గంటలకు ఆ పుస్తకంలో కూలి లేదు. మనిషి ఎంత మంచివాడైనా లెక్క మాత్రం తొందరపెట్టే లెక్కే. పైగా మా చిన్నాయన స్టూలుకు ఇక్కడ చోటు లేదు. చాలా షాపుల్లో బీమా నిబంధనల పేరు చెప్పి బండి సొంతదారును పని జరిగే చోటికి రానివ్వరు; అద్దాల గదిలో టీవీ ముందు కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. సాయంత్రానికి బిల్లు మీద నమ్మకం ఉంచి బయటికి రావాలి. కారులో జరిగే చాలా పనులకు ఆ నమ్మకం సరిపోతుంది. బ్రేకు ప్యాడ్లు వేస్తే చక్రం సందులోంచి కనిపిస్తాయి, నూనె మారిస్తే పుల్ల తీసి చూసుకోవచ్చు. టైమింగ్ బెల్ట్ అలా కాదు, కవరు మూసేశాక మళ్లీ మార్చే రోజు దాకా దాని మొహం ఎవరూ చూడరు.

2019లో మా 2008 మోడల్ హోండా ఒడిస్సీ లక్ష మైళ్లు దాటాక, ఏ పని ఎప్పుడు చేయించాలో చెప్పే, మీటరు దగ్గరి మెయింటెనెన్స్ మైండర్‌లో 4 అంకె వెలిగింది. స్పార్క్ ప్లగ్గులు, టైమింగ్ బెల్ట్ మార్చి, వాటర్ పంపు చూడమని ఆ అంకెకు అర్థం. ఎండ తరచుగా 110 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే చోట్లా, చలి మైనస్ 20 డిగ్రీల కిందికి పోయే చోట్లా 60,000 మైళ్లకే మార్చమని హోండా చెబుతుంది. మా ఊరి ఎండా చలీ అంత దూరం పోకపోయినా బెల్ట్‌కు అప్పటికే పదకొండేళ్లు నిండాయి, రబ్బరుకు మైళ్లతో పాటు వయసు కూడా లెక్కే. అందులో ఉన్నది జే35 అనే 3.5 లీటర్ల వీ6 ఇంజన్, అంటే ఆరు సిలిండర్లు రెండు వరుసలుగా ఉండేది, బెల్ట్ తెగితే వాల్వులు వంగే రకం. అకార్డ్ కారులోని నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను హోండా 2003 మోడల్‌తో చైన్‌కు మార్చింది గాని వీ6ను బెల్ట్ మీదనే ఉంచింది. బయట అడిగితే 1,200 డాలర్లన్నారు. ఐసిన్ కంపెనీ కిట్, అంటే పంపు, బెల్ట్, టెన్షనర్, రెండు చిన్న పుల్లీలు, కలిపి 210 డాలర్లకు వచ్చింది. పేరున్న డబ్బాల్లో నకిలీ సరుకు అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లో ఉంటారు కాబట్టి ధర మరీ తక్కువగా కనిపించినచోట కొనలేదు. లేని పనిముట్లకు 130, కూలంట్ వగైరాలకు 40 అయ్యాయి.

మా కాలనీ సంఘం నిబంధనల ప్రకారం ఇంటి ముందు బండి విప్పకూడదు. అందువల్ల గ్యారేజీ లోపలే, షట్టరు సగం దించి, ఒక శనివారం పొద్దున మొదలుపెట్టాను. ప్యాసింజరు వైపు ముందు చక్రం తీసి, బండిని స్టాండ్ల మీద నిలిపాను. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదని చిన్నాయన చిన్నప్పుడే చెప్పాడు. జాకీ మీద మాత్రమే ఆనిన బండి కిందికి ఎవరూ, ఎంత చిన్న పనికైనా, దూరకూడదు. ఆయిల్ పాన్ కింద చెక్క పెట్టి రెండో జాకీతో ఇంజన్‌ను ఆనించి, ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే ఆ వైపు మౌంటు విప్పాను. ఆ దృశ్యం చూసినప్పుడు నాకు నిజంగా భయం వేసింది. అంత బరువు ఒక పక్క చెక్కముక్క మీద నిలబడి ఉంది, దాని పక్కన సాఫ్ట్‌వేరు ఇంజనీరు ఒకడు పానా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఈ హోండా ఇంజన్లలో అందరినీ ఏడిపించేది క్రాంక్ పుల్లీ మధ్యలోని 19 మిల్లీమీటర్ల బోల్టు. ఏళ్ల తరబడి బిగుసుకుపోయిన ఆ బోల్టు కదలాలంటే పుల్లీ తిరగకుండా పట్టే 50 మిల్లీమీటర్ల షట్కోణపు పట్టు ఒకటి, దానికి తోడు పొడవైన కడ్డీ, ఆ కడ్డీకి తొడగడానికి ఇంకా పొడవైన ఇనప పైపు కావాలి. కొందరు కడ్డీని నేలకు ఆనించి సెల్ఫ్ కొట్టి ఊడదీస్తారు. కడ్డీ జారిందంటే కాలో చేయో విరుగుతుంది, ఆ పద్ధతిని నేను ఎవరికీ చెప్పను. నాకు గంటంబావు పట్టింది. పైపు మీద నా బరువంతా మోపి వేలాడుతుంటే చివరికి ఎండు కట్టె విరిగినట్టు ఫట్మంది. బోల్టే విరిగిందేమోనని కాసేపు కిందికి చూడలేదు.

మాన్యువల్ రాసినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగిన చోటు ఒకటుంది. బెల్ట్ మార్చేటప్పుడు టెన్షనర్ చేయిని కదలకుండా నిలపాలి. అందుకు ప్రత్యేకమైన పరికరమేదీ కొనమనరు. బ్యాటరీని పట్టి ఉంచే పొడవాటి బోల్టు తీసి, దాని కొనను కాస్త అరగదీసి, ఫలానా రంధ్రంలో బిగించమంటారు. బ్యాటరీ బోల్టుతో టైమింగ్ పని నడిపించే ఈ పొదుపు మన షెడ్డు మేస్త్రీల బుద్ధికి దగ్గరగా ఉంటుంది.

పాత బెల్ట్ తీయకముందే మూడు గుర్తులు కలిశాయో లేదో చూసుకోవాలి: కింద క్రాంక్‌ది ఒకటి, పైన సిలిండర్ల వరుసకొకటి చొప్పున ఉండే ముందు వెనుక క్యామ్‌లవి రెండు. వాటిని ఫోటో తీసి, మా ఆవిడ గోళ్ల రంగుతో మరింత స్పష్టంగా గీత పెట్టుకున్నాను. ఇంత చేసినా, బెల్ట్ జారిన క్షణాన వెనుక క్యామ్ టక్కుమని దానంతటదే కొంచెం తిరిగింది. లోపల వాల్వు స్ప్రింగులు తోస్తుండడం వల్ల ఈ ఇంజన్‌లో అలా జరుగుతుందని ముందే చదివి ఉన్నా గుండె ఝల్లుమంది. పానాతో నెమ్మదిగా తిప్పి గుర్తు దగ్గరికి తెచ్చాను. పాత పంపు తీసినప్పుడు దాని కింది చిల్లు దగ్గర నీలం రంగు పొలుసు కట్టి ఉంది, కారడం మొదలైందన్నమాట. కారిన కూలంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకితే చచ్చిపోతాయి, అందుకని నేల తుడిచే దాకా షట్టరు పూర్తిగా దించేశాను.

కొత్త బెల్ట్‌ను క్రాంక్ దగ్గర మొదలుపెట్టి చిన్న పుల్లీ, ముందు క్యామ్, పంపు, వెనుక క్యామ్, టెన్షనర్ పుల్లీ వరుసలో చుట్టాను. గుర్తులన్నీ కలిశాయి. టెన్షనర్‌ను అణచి ఉంచిన పిన్ను లాగాను. అప్పటికి రాత్రి పదిన్నర. ఇక్కడితో పని అయిపోయినట్టే అనిపిస్తుంది, చాలా పనులు ఇక్కడే అయిపోతాయి కూడా. కాని క్రాంక్‌ను చేత్తో ఐదారు చుట్లు తిప్పి, బెల్ట్ పుల్లీల మీద కుదురుకున్నాక మళ్లీ గుర్తులు చూడమని మాన్యువల్ చెబుతుంది. క్రాంక్ రెండు చుట్లకు క్యామ్ ఒక చుట్టు కాబట్టి ఆరు చుట్లు తిప్పితే మూడు గుర్తులూ మళ్లీ ఒకచోటికి రావాలి. స్పార్క్ ప్లగ్గులు ముందే తీసి ఉంచాను గనుక ఇంజన్ తేలిగ్గానే తిరిగింది. ఆరో చుట్టు చివర క్రాంక్ సరిపోయింది, ముందు క్యామ్ సరిపోయింది, వెనుక క్యామ్ గుర్తు మాత్రం ఒక పన్ను పక్కకు పోయింది.

మొదట నా కళ్లనే అనుమానించాను. టార్చి మార్చాను, తల ఇటు వంచి అటు వంచి చూశాను. మెడ వంకరగా పెట్టి చూస్తే గుర్తు కలిసినట్టే కనిపించే ఒక కోణం దొరికింది కూడా. ఈ వ్యాసం మొత్తంలో నేను ఒప్పుకోవలసిన విషయమేదైనా ఉంటే అది ఆ కోణం. రాత్రి పదకొండు దాటింది, పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను, చేతివేళ్లు రెండు చోట్ల చీరుకుపోయాయి. ఆ కోణంలోంచి చూసి సరిపోయిందనుకోవడానికి నాకు అన్ని కారణాలూ ఉన్నాయి. చిన్నాయనకు ఫోను చేశాను. అక్కడ పొద్దున పది కావస్తోంది. వీడియోలో చూపిస్తే ఆయన నా ఇంజన్ గురించి ఒక్క మాటా అడగలేదు.

"రేపు పొద్దుగాల్ల యాడికన్న పోయేది ఉన్నదా?" అన్నాడు.

"లేదు చిన్నాయనా."

"మరి తొందరేంది బిడ్డా? బండి నీ ఇంట్లనే ఉన్నది గద. లైటు బందువెట్టి పండుకో. పొద్దున లేశి మల్లొకపారి తిప్పి చూడు."

పొద్దున తిప్పి చూసినా పన్ను పక్కనే ఉంది. కారణం కాఫీ తాగుతుండగా తట్టింది. ముందు క్యామ్‌కు, వెనుక క్యామ్‌కు మధ్య పంపు మీదుగా వెళ్లే భాగంలో బెల్ట్‌ను నేను బిర్రుగా లాగలేదు, ఒక పన్నంత వదులు అక్కడ మిగిలింది. వదులంతా టెన్షనర్ వైపే ఉండాలి. పిన్ను లాగగానే టెన్షనర్ ఆ వదులును పీల్చుకుంటూ వెనుక క్యామ్‌ను తన వైపు తిప్పుకుంది. ముందు రాత్రి గుర్తులు కలిసినట్టు కనిపించడం అబద్ధం కాదు, బెల్ట్‌కు ఇంకా బిగువు రాలేదంతే. నేను పరీక్షలో గీసిన వాల్వ్ టైమింగ్ డయాగ్రం నాకు అర్థమైంది ఆ ఉదయమే అని చెప్పాలి. కాగితం మీద డిగ్రీలుగా ఉన్నది ఇక్కడ ఒక రబ్బరు పన్నుగా నా వేలి కింద ఉంది.

మళ్లీ విప్పాను. హైడ్రాలిక్ టెన్షనర్‌ను వైస్‌లో పెట్టి, లోపలి నూనె సర్దుకోవడానికి వ్యవధి ఇస్తూ, కొద్దికొద్దిగా నొక్కి పిన్ను తిరిగి గుచ్చాను. తొందరపడి నొక్కితే దాని లోపలి భాగాలు పాడవుతాయి. ఈసారి ప్రతి మలుపులోనూ బెల్ట్‌ను వేలితో లాగి చూసుకుంటూ చుట్టాను. ఆరు చుట్లు తిప్పితే మూడు గుర్తులూ కలిశాయి. ఇంకో ఆరు తిప్పాను. టిఫిన్‌కు పిలవడానికి వచ్చిన మా ఆవిడ, "ఇంకా ఎన్నిసార్లు తిప్పుతారండీ?" అని అడిగే దాకా మరో ఆరు తిప్పాను. మౌంటు, కవర్లు, పుల్లీ బిగించి, క్రాంక్ బోల్టుకు మాన్యువల్ చెప్పినంత బిగువు టార్క్ రెంచీతో ఇచ్చి, కూలంట్ నింపి గాలి పోయే దాకా హీటరు వేసి ఉంచేసరికి ఆదివారం సాయంత్రమైంది. మధ్యలో ఆగిన వేళలు పోను మొత్తం పద్నాలుగు గంటలు. పుస్తకంలో రాసినదానికి మూడింతలు.

ఆ పద్నాలుగు గంటలకు నా జీతం లెక్కన వెల కడితే నష్టమే కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఆ శనాదివారాల్లో నాకు ఎవరూ జీతం ఇవ్వబోవడం లేదన్నది సులువైన జవాబు. అసలు జవాబు వేరే ఉంది. అందులో రెండో రోజు పడిన మూడు గంటల శ్రమను షాపులో ఏ ధరకూ కొనలేము, ఎందుకంటే ఆ మూడు గంటలు అవసరమైన సంగతి మనకు తెలియనే తెలియదు. మెడ వంచి చూసే కోణం మెకానిక్‌కూ దొరుకుతుంది. ఒక పన్ను తేడాతో ఇంజన్ నడవవచ్చు కూడా. కొంచెం గరగరలాడుతుంది, లాగుడు తగ్గుతుంది, ఎప్పుడో ఇంజన్ లైటు వెలుగుతుంది, బండి పాతబడిందనుకుంటాం.

షాపు తరఫున గట్టి వాదన వారంటీ. వాళ్ల చేతిలో పొరపాటు జరిగి వాల్వులు వంగితే బాగుచేయించే బాధ్యత వాళ్లది, ఇంట్లో జరిగితే నాది. ఇది నిజం, దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. వారంటీ గడువు తీరాక బెల్ట్ తెగితే ఎవరూ రారని చెప్పగలను. పిల్లలతో హైవే మధ్యలో ఆగిపోయినప్పుడు వారంటీ కాగితం అక్కడికక్కడే ఏమీ చేయదని చెప్పగలను. అయినా, నాలుగు వేల డాలర్ల దెబ్బను తట్టుకోలేని ఇంటికి వారంటీ చాలా పెద్ద ఆసరా, దాన్ని చులకన చేయడం నాకు ఇష్టం లేదు. వారానికి రెండు బెల్టులు మార్చే చేతికి ఉండే ఒడుపు నాకు ఎన్నటికీ రాదన్నది కూడా అంతే నిజం. వాళ్లు ఆ వదులును కట్టేటప్పుడే పసిగట్టేవాళ్లు.

అందుకే ఈ పనికి దిగవద్దని కొందరికి నేనే చెబుతుంటాను. ఇంట్లో ఉన్నది ఒక్క బండే అయి, సోమవారం పొద్దున దాని మీదే ఆఫీసుకు పోవలసినవాళ్లు దిగకూడదు. అలాంటి గ్యారేజీలోనూ గడియారం ఉన్నట్టే. టార్క్ రెంచీ లేనివాళ్లు, స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చేవాళ్లు, తమ ఇంజన్‌కు సంబంధించిన మాన్యువల్ దగ్గర లేకుండా ఏదో వీడియో చూసి బయలుదేరేవాళ్లు దిగకూడదు. పాత హోండా ఇంజన్లు కొన్ని అపసవ్యంగా తిరుగుతాయి, ఈ జే35 సవ్యంగా తిరుగుతుంది. వీడియోలో కనిపించినవాడి చేయి ఎటు తిరిగితే మనమూ అటే తిప్పితే ముగిసిపోతుంది. మిర్యాలగూడలో ఉండి ఉంటే నేనూ ఇంట్లో విప్పేవాణ్ణి కాను. అక్కడ షెడ్డు ఉంది, మేస్త్రీ ఉన్నాడు, ఆయన పక్కన స్టూలు ఉంది. ఆ ఆరు చుట్లు నా కళ్లెదుటే తిప్పమని అడగవచ్చు, ఆయన విసుక్కున్నా తిప్పుతాడు. ఇక్కడ ఆ స్టూలు దొరకక నేనే పానా పట్టవలసి వచ్చింది.

పాత బెల్ట్ గ్యారేజీ గోడకు మేకు మీద వేలాడుతోంది. పదకొండేళ్లు తిరిగినా దాని మీద ఒక్క బీట లేదు, ఒక్క పన్ను అరగలేదు, చూడటానికి ఇంకో పదేళ్లు వస్తుందనిపిస్తుంది. చూసి చెప్పగలిగే వస్తువైతే ఇంత రాద్ధాంతమే ఉండేది కాదు.

బానెట్ లోపలి అంచున తేదీ, మైళ్లు రాసి ఒక చీటీ అంటించాను. ఈ ఏడాదితో దానికి ఏడేళ్లు నిండుతాయి, బండి ఇంకా లక్షణంగా తిరుగుతోంది. కొత్త కిట్ తెప్పించి అల్మరాలో పెట్టాను. శనాదివారాలు బొటాబొటిగానే సరిపోతాయని కిందటిసారి తెలిసింది కాబట్టి, నాలుగు రోజులు వరుసగా సెలవు దొరికే థాంక్స్‌గివింగ్ వారం కోసం చూస్తున్నాను.